లండన్ దాటాక బ్రిటన్: తక్కువ ఖర్చులో తిరగాలనుకునేవాళ్ళు తరచుగా అడిగే ప్రశ్నలు

ఏటా ఏప్రిల్ వచ్చిందంటే మొదలవుతుంది. "అమ్మావాళ్ళకు వీసా వచ్చింది, ఎక్కడికి తీసుకెళ్ళమంటావ్?" అని ఒకరు, "డిసర్టేషన్ ఇచ్చేశాను, చేతిలో నాలుగొందల పౌండ్లున్నాయి, స్కాట్లండ్ అవుతుందా అన్నా?" అని ఇంకొకరు. ఆరేళ్ళుగా షెఫీల్డ్‌లో ఉంటున్నాను, అవే సందేహాలకు అవే జవాబులు టైప్ చేసి విసుగొచ్చి అన్నీ ఒకచోట రాసిపెట్టాను. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోవచ్చు, పైనుంచి చదవక్కర్లేదు. ధరలు నేను కట్టినవి, చూసినవి. మీరు వచ్చేసరికి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

## ఇంకా ఇంట్లోనే ఉన్నప్పుడు

లండన్ సరిగ్గా చూడకుండా వచ్చామంటే నవ్వరా?

నవ్వనివ్వండి. లండన్‌కు రెండు రోజులు చాలు. బ్రిటిష్ మ్యూజియం ఉచితం, థేమ్స్ ఒడ్డున నడక ఉచితం, బిగ్ బెన్ ముందు ఫోటో ఉచితం. మూడో రోజు నుంచి మీరు కట్టేదంతా హోటల్ గదికే. ఆ ఒక్క రాత్రి అద్దెతో ఉత్తరాన రెండు రాత్రులు గడుస్తాయి, ఒక్కోసారి తిండితో సహా. అయితే లండన్ దాటగానే అన్నీ చవకైపోతాయని కూడా అనుకోకండి. గదులు, తిండి చవక, రైలు మాత్రం కాదు. రైలు విషయంలో ముందుగా తేల్చుకున్నవాడికి ఒక ధర, ఆఖరి నిమిషంలో వచ్చినవాడికి ఇంకో ధర.

ఫ్లైట్ హీత్రూకే తీసుకోవాలా?

అక్కర్లేదు. హైదరాబాద్ నుంచి దుబాయ్ లేదా దోహా మీదుగా మాంచెస్టర్‌కు, బర్మింగ్‌హామ్‌కు వచ్చే ఫ్లైట్లు ఉన్నాయి, చాలాసార్లు హీత్రూ ధరకే దొరుకుతాయి. మాంచెస్టర్‌లో దిగితే ఎయిర్‌పోర్ట్ లోపలే రైల్వే స్టేషన్. సరస్సులుండే లేక్ డిస్ట్రిక్ట్, యార్క్, వేల్స్ ఉత్తర తీరం అన్నీ అక్కణ్నుంచి దగ్గర. మాంచెస్టర్‌లో దిగి, కిందికి తిరుగుతూ వచ్చి, లండన్ నుంచి ఇంటికి ఎక్కేలా టికెట్ తీసుకుంటే వెనక్కి అదే దారిలో రైలు ఖర్చు మిగులుతుంది. ఇది చాలామందికి తట్టదు.

ఏ నెలలో వస్తే జేబుకు మంచిది?

మే మొదటి మూడు వారాలు, లేదా సెప్టెంబర్. జులై చివరి నుంచి ఆగస్టు అంతా ఇక్కడ స్కూళ్ళకు సెలవులు, సముద్రం పక్క ఊళ్ళలో గది దొరకడమే గగనం. ఎడిన్‌బరాకు ఆగస్టులో మాత్రం వెళ్ళకండి, ఊరంతా పండగలే, మామూలు గది రేటు మూడింతలు చెబుతారు. డిసెంబర్‌లో గదులు చవకే కానీ ఎడిన్‌బరాలో నాలుగు కాకముందే సూర్యుడు అస్తమిస్తాడు. జూన్‌లో అదే ఊళ్ళో రాత్రి పది దాకా వెలుతురు ఉంటుంది, అంటే ఒక రోజు డబ్బుతో రోజున్నర తిరిగినట్టే. ఇంకో సంగతి, డిసెంబర్ 25న దేశంలో రైళ్ళే నడవవు. మా కజిన్ ఒకడు ఆ రోజుకు ప్లాన్ వేసుకుని నాకు ఫోన్ చేశాడు, నేనేం చేసేది, మా ఇంట్లోనే బిర్యానీ తిని పడుకున్నాడు.

ఇదే వీసా మీద స్కాట్లండ్, ఐర్లండ్ కూడా తిరగొచ్చా?

ఇంగ్లండ్, స్కాట్లండ్, వేల్స్, నార్తర్న్ ఐర్లండ్ నాలుగింటికీ ఒకటే యూకే వీసా. బెల్‌ఫాస్ట్ దాకా పర్వాలేదు. డబ్లిన్ మాత్రం వేరే దేశం. బెల్‌ఫాస్ట్ నుంచి డబ్లిన్‌కు బస్సెక్కితే మధ్యలో గేటు కనిపించదు, అయినా అనుమతి మాత్రం కావాలి. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉన్నవాళ్ళకు రెండు దేశాలకూ పనికొచ్చే బ్రిటిష్ ఐరిష్ వీసా పథకం ఒకటి ఉంది. మీ వీసా మీద బీఐవీఎస్ అని ఉందో లేదో చూసుకోండి. లేకపోతే డబ్లిన్ ఆశ వదిలేయండి.

ఆవకాయ, నెయ్యి, కారప్పొడి తెచ్చుకోవచ్చా?

ఆవకాయ, గోంగూర, కారప్పొడులు, పులిహోర పేస్ట్ తెచ్చుకోండి, కవర్ మీద కవర్ వేసి. నెయ్యి, పాలకోవా, నేతి మిఠాయిలు, మాంసం పచ్చళ్ళు వద్దు. ఇండియా నుంచి మాంసం, పాల పదార్థాలు తీసుకురావడానికి ఇక్కడ అనుమతి లేదు. పచ్చి కరివేపాకు కూడా పెట్టకండి. మా అత్తయ్య సంచిలోంచి అరకిలో నెయ్యి తీసేస్తే సీసా కేసి ఆవిడ చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది.

## టికెట్లు, దారులు

ఒకే రైలుకి ఒకసారి 25 పౌండ్లు, ఒకసారి 110 పౌండ్లు చూపిస్తోంది. ఏంటిది?

మన దగ్గర స్లీపర్ టికెట్ ఎప్పుడు కొన్నా దాదాపు అదే ధర కదా, ఇక్కడ అలా కాదు. అడ్వాన్స్ టికెట్లు అని ఉంటాయి, సుమారు ఎనిమిది నుంచి పన్నెండు వారాల ముందు అమ్మకానికి పెడతారు, చవకవి ముందు అయిపోతాయి. అవి ఆ రైలుకే, ఆ టైముకే. ఆఫ్‌పీక్ టికెట్ అయితే రద్దీ లేని వేళల్లో ఏ రైలైనా ఎక్కొచ్చు, పెద్ద ఊళ్ళ నుంచి సోమవారం నుంచి శుక్రవారం దాకా అయితే ఉదయం తొమ్మిదిన్నర తర్వాత అనుకోండి. ఎనీటైమ్ టికెట్ ఆఫీసు డబ్బుతో తిరిగేవాళ్ళకు.

ఒకే రెండు ఊళ్ళ మధ్య నడిపే కంపెనీలు కూడా చూసుకోండి. లండన్ యూస్టన్ నుంచి బర్మింగ్‌హామ్‌కు వేగంగా వెళ్ళే రైలొకటి, అదే స్టేషన్ నుంచి ఆగుతూ పోయే లండన్ నార్త్‌వెస్టర్న్ రైలొకటి, మేరిల్‌బోన్ నుంచి చిల్టర్న్ రైలు ఇంకొకటి. తర్వాతి రెండింట్లో టైము కొంచెం ఎక్కువ, ధర మాత్రం చాలా తక్కువ. ఎడిన్‌బరాకు అయితే కింగ్స్ క్రాస్ నుంచి లుమో అని ఒకే తరగతి ఉన్న రైలు 2021 నుంచి నడుస్తోంది, ముందు దాన్ని చూడండి.

ఏ రైలు కంపెనీ వెబ్‌సైట్‌లోనైనా మిగతా కంపెనీల టికెట్లు కూడా కొనొచ్చు, బుకింగ్ ఫీజు లేకుండా. ఫీజు వేసే యాప్‌లలో టైములు చూసుకుని, కంపెనీ సైట్‌లో కొనుక్కోండి.

రైల్‌కార్డు స్టూడెంట్లకేనా? అమ్మానాన్నలకు ఇస్తారా?

ఇస్తారు. ఇక్కడ ఉంటున్నట్టు రుజువు అడగరు, వయసుకు పాస్‌పోర్ట్ చాలు. 35 పౌండ్లు కడితే ఏడాది పొడుగునా టికెట్లలో మూడో వంతు తగ్గుతుంది. 60 దాటితే సీనియర్, మీరు 25 లోపు అయితే 16-25 కార్డు, దాటినా ఫుల్‌టైమ్ స్టూడెంట్ అయితే అదే కార్డు. భార్యాభర్తలైతే టూ టుగెదర్ ఒక్కటి తీసుకుంటే ఇద్దరికీ సరిపోతుంది, కాకపోతే ఇద్దరూ కలిసే వెళ్ళాలి, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం తొమ్మిదిన్నర ముందు చెల్లదు. లెక్క సులువు, మొత్తం రైలు ఖర్చు 105 పౌండ్లు దాటుతుందంటే కార్డు డబ్బులు వచ్చేసినట్టే. 16-25 కార్డుకి ఒక మెలిక ఉంది, సోమవారం నుంచి శుక్రవారం దాకా ఉదయం పది లోపు 12 పౌండ్ల కనీస ధర పెడతారు, జులై, ఆగస్టుల్లో తప్ప.

ఒకే ప్రయాణానికి రెండు టికెట్లు కొంటే చవకంటున్నారు, పట్టుకోరా?

పట్టుకోరు, ఇది పద్ధతి ప్రకారమే. దూరప్రయాణాన్ని మధ్యలో ఒక స్టేషన్ దగ్గర రెండుగా విడగొట్టి కొంటే ఒక్కోసారి తగ్గుతుంది. మీరు దిగక్కర్లేదు, సీటు మారినా మారకపోయినా పర్వాలేదు. షరతు ఒక్కటే, మీ రైలు ఆ మధ్య స్టేషన్‌లో ఆగాలి.

తొందర్లో ఎక్కేసి, టీసీ వచ్చాక టికెట్ కొనుక్కుంటే?

వద్దు. ఇంగ్లండ్‌లో పెనాల్టీ 100 పౌండ్లు, పైగా టికెట్ ధర కూడా. 21 రోజుల్లో కడితే 50కి తగ్గిస్తారు. రైల్‌కార్డు తగ్గింపుతో టికెట్ కొని, కార్డు ఉన్న ఫోన్ చార్జింగ్ అయిపోయినా మీదే తప్పు. మన కుర్రాళ్ళు ఎక్కువగా ఇరుక్కునేది ఇక్కడే.

అడ్వాన్స్ టికెట్ ఉండి మీ ఆలస్యం వల్ల రైలు పోతే, కొత్త టికెట్ కొనుక్కోవాల్సిందే. మొదటి రైలు లేటై రెండోది పోతే మాత్రం మీ తప్పు కాదు, తర్వాతి రైల్లో ఎక్కనిస్తారు, ఆలస్యాన్ని బట్టి డబ్బు కూడా వెనక్కి అడగొచ్చు. దాన్ని డిలే రీపే అంటారు. మనవాళ్ళు సిగ్గుపడి అడగరు, అడగండి.

కోచ్ మేలా, రైలు మేలా?

ఊళ్ళ మధ్య తిరిగే పెద్ద బస్సును ఇక్కడ కోచ్ అంటారు. నేషనల్ ఎక్స్‌ప్రెస్, ఫ్లిక్స్‌బస్ ఎక్కువ. రేపటికి టికెట్ కావాలంటే కోచ్, నెలన్నర టైముంటే రైలు, నా లెక్క అంతే. లండన్ నుంచి మాంచెస్టర్‌కు రైలు రెండుంపావు గంటలు, కోచ్ ఐదు గంటల దాకా పడుతుంది, కానీ పది పదిహేను పౌండ్లకు చాలాసార్లు దొరికింది. రాత్రి కోచ్‌లో హోటల్ ఖర్చు మిగులుతుందని అందరూ అంటారు. నేనూ రెండుసార్లు చేశాను. తెల్లారి నాలుగున్నరకు చలిలో దిగి, ఏ కొట్టూ తెరవక, బస్టాండులో బల్ల మీద వణుకుతూ కూర్చున్నాక ఆ సరదా తీరింది. అమ్మానాన్నలతో అసలు వద్దు.

లోకల్ బస్సులకు నిజంగా మూడు పౌండ్లేనా?

ఇంగ్లండ్‌లో చాలా బస్సులకు ఒకవైపు ప్రయాణం ఎంత దూరమైనా పరిమితి పెట్టారు. 2023లో రెండు పౌండ్లుగా మొదలైంది, 2025 జనవరి నుంచి మూడు. ప్రభుత్వ పథకం కాబట్టి బయల్దేరే ముందు ఒకసారి చూసుకోండి. స్కాట్లండ్, వేల్స్‌కు ఇది లేదు. దీన్ని బాగా వాడుకోవాలంటే లేక్ డిస్ట్రిక్ట్‌లో 555 నంబరు బస్సెక్కండి. కెండల్, విండర్‌మేర్, ఆంబుల్‌సైడ్, గ్రాస్‌మేర్, కెజిక్, సరస్సుల పక్కనే పోతుంది. పై అంతస్తులో ముందు సీటు దొరికిందంటే టూర్ బస్సుకి నలభై పౌండ్లు ఎందుకు కడతారో అర్థం కాదు.

కారు అద్దెకు తీసుకుంటే?

నలుగురుంటే, వెళ్ళేది స్కాట్లండ్ కొండల్లోకైతే తీసుకోండి. ఊళ్ళకైతే పార్కింగే మింగేస్తుంది. విజిటర్లు ఇండియన్ లైసెన్స్‌తో 12 నెలల వరకు నడపొచ్చు, మనలాగే ఎడమవైపే. ఆటోమేటిక్ బండికి ఎక్కువ, డ్రైవర్ 25 లోపుంటే ఇంకా ఎక్కువ, డిపాజిట్‌కు చాలాచోట్ల డ్రైవర్ పేరు మీద క్రెడిట్ కార్డే కావాలంటారు. బండి తీసుకునేటప్పుడు నాలుగు చక్రాలూ, బంపర్లూ వీడియో తీసుకోండి. ఒకచోట నేను తీయలేదు, నాది కాని గీతకు డబ్బు కట్టాను.

## బస

ఏ ఊళ్ళో గది తీసుకోవాలి?

ఫోటోలు దిగే ఊళ్ళో కాకుండా దాని పక్క ఊళ్ళో. యార్క్ చూడాలంటే లీడ్స్‌లో ఉండండి, రైల్లో అరగంట లోపే. ఎడిన్‌బరాకు గ్లాస్గోలో ఉండండి, యాభై నిమిషాలు, పైగా స్కాట్‌రైల్‌లో 2025 సెప్టెంబర్ నుంచి పీక్ ధరలు ఎత్తేశారు కాబట్టి పొద్దున్నే వెళ్ళినా అదే రేటు. బాత్‌కు బ్రిస్టల్, పదిహేను నిమిషాలు కూడా పట్టదు. కొండల ప్రాంతం పీక్ డిస్ట్రిక్ట్‌కు మా షెఫీల్డ్. మూడు రాత్రులు ఒకేచోట ఉంటే పెట్టెలు మోసే బాధా ఉండదు. మినహాయింపు లేక్ డిస్ట్రిక్టే, అక్కడ సాయంత్రం బస్సులు తొందరగా ఆగిపోతాయి, కాబట్టి లోపలే ఉండండి.

హాస్టల్ అంటే అమ్మానాన్నలు ఇబ్బంది పడరా?

హాస్టల్ అనగానే మనకు అమీర్‌పేట గుర్తొస్తుంది. వైహెచ్ఏ (యూత్ హాస్టల్స్ అసోసియేషన్) హాస్టళ్ళు అలా ఉండవు. చాలావాటిలో కుటుంబానికి విడి గది ఇస్తారు, కొన్నింటిలో బాత్రూమ్ కూడా లోపలే. ఆంబుల్‌సైడ్ హాస్టల్ అయితే సరిగ్గా సరస్సు ఒడ్డున. అన్నిటికంటే ముఖ్యం వంటగది. మా అమ్మ అక్కడ పెద్ద స్టవ్ మీద అన్నం వార్చి పులిహోర కలిపితే, పక్కన పాస్తా ఉడకబెట్టుకుంటున్న జర్మన్ అమ్మాయిలు గిన్నె పట్టుకుని వచ్చారు. అమ్మకు ఆ ట్రిప్‌లో కొండలూ గుర్తులేవు, సరస్సులూ గుర్తులేవు, ఇదొక్కటే ఊరంతా చెప్పింది. బంక్ బెడ్ పైది ఎక్కలేరు కాబట్టి కింది మంచాలు ఎన్నో ముందే అడగండి.

వేసవి సెలవుల్లో చాలా యూనివర్సిటీలు ఖాళీ అయిన స్టూడెంట్ గదులను బయటివాళ్ళకు ఇస్తాయి. సింగిల్ గదులు, శుభ్రంగా ఉంటాయి, ఊరి మధ్యలో.

నిన్న 45 ఉన్న గది ఈ శనివారానికి 160 ఎందుకైంది?

ఆ ఊళ్ళో మ్యాచో, కచేరీయో, గుర్రప్పందేలో, గ్రాడ్యుయేషనో ఉంది. మాంచెస్టర్, లివర్‌పూల్‌లో ఫుట్‌బాల్ రోజు తప్పించండి. ఆదివారం రాత్రి గది దాదాపు ఎక్కడైనా చవక. అందుకే నేను శుక్రవారం కాకుండా ఆదివారం బయల్దేరి బుధవారం తిరిగొస్తాను, రైళ్ళలో కూడా ఖాళీ. ఒకే ఒక్క చిక్కు, ఆదివారాల్లో పట్టాల పనులు చేస్తుంటారు, రైలు బదులు బస్సెక్కించే రోజులుంటాయి, టికెట్ కొనేటప్పుడే చూసుకోండి.

## తిండి

శాకాహారులం, రోజుకు తిండికెంత అనుకోవాలి?

మనిషికి 12 నుంచి 15 పౌండ్లు. మధ్యాహ్నానికి సూపర్ మార్కెట్ మీల్ డీల్, శాండ్‌విచ్, చిరుతిండి, డ్రింక్ కలిపి నాలుగు పౌండ్ల చుట్టుపక్కల, ఆ షాపు కార్డు ఉంటేనే ఆ ధర, కార్డు ఉచితమే. సాయంత్రం ఏడు దాటాక అదే షాపులో పసుపు స్టిక్కర్లు అంటిస్తారు, ఆ రోజుతో గడువు తీరేవి సగానికి, ఇంకా తక్కువకు వస్తాయి. నీళ్ళు కొనకండి, కుళాయి నీళ్ళే తాగుతారు ఇక్కడ.

కడుపునిండా మన తిండి కావాలంటే లెస్టర్‌లో బెల్‌గ్రేవ్ రోడ్ ఉంది, గుజరాతీ శాకాహారం. మాంచెస్టర్‌లో రషోమ్, మాంసాహారులకు స్వర్గం. ఫిష్ అండ్ చిప్స్ షాపులో వెజ్ తినేవాళ్ళు చిప్స్‌ను ఏ కొవ్వులో వేయించారో అడగండి, ఉత్తరాన చాలాచోట్ల బీఫ్ కొవ్వు వాడతారు. ఇది తెలియక తినేసి తర్వాత బాధపడ్డవాళ్ళను చూశాను.

## ఎక్కడెక్కడికి

నాలుగు రోజులే ఉన్నాయి, ఒక్క చోటు చెప్పండి.

షెఫీల్డ్ లేదా లీడ్స్‌లో దిగండి. ఒకరోజు యార్క్: కోట గోడల మీద నడక ఉచితం, నేషనల్ రైల్వే మ్యూజియం ఉచితం, మిన్‌స్టర్ చర్చికి టికెట్ ఉంది కానీ బయటి నుంచి చూసినా బాగుంటుంది. ఒకరోజు ఈడేల్. షెఫీల్డ్, మాంచెస్టర్ మధ్య హోప్ వ్యాలీ లైన్‌లో చిన్న స్టేషన్, దిగగానే చుట్టూ కొండలే. అక్కణ్నుంచి మామ్ టోర్ ఎక్కొచ్చు, 517 మీటర్లు, ఆ పేరుకు అర్థం తల్లి కొండ. మట్టి జారుతూనే ఉంటుంది దానికి. కొండ కింద వేసిన రోడ్డును బాగుచేసి బాగుచేసి విసిగి 1979లో వదిలేశారు, ఇప్పుడు ఆ తారురోడ్డు పగిలి, పెసరట్టు విరిచినట్టు పొరలు పొరలుగా కనిపిస్తుంది, మధ్యలో తెల్లగీత ఇంకా ఉంది. మిగిలిన రోజు లివర్‌పూల్ రేవు. అంతే, ఇంకొకటి ఇరికించకండి.

మోకాళ్ళ నొప్పులు, కొండలు ఎక్కలేరు. మరి?

రైలు కిటికీ చాలు. లీడ్స్ నుంచి కార్లైల్ వెళ్ళే సెటిల్ లైన్ ఎక్కించండి, 24 కమానుల రిబుల్‌హెడ్ వంతెన మీదుగా పోతుంది, మామూలు టికెట్టే. వీల్‌చైర్, ఎక్కించేవాళ్ళు కావాలంటే ప్యాసింజర్ అసిస్ట్ ఉచితం, ముందు చెప్పాలి. వేల్స్‌లో లాండుడ్నో కూడా పెద్దవాళ్ళకు హాయి, సముద్రం ఒడ్డున చదునుగా నడక, అడుగడుగునా బెంచీలు.

బాలాజీ గుడి ఎక్కడ?

బర్మింగ్‌హామ్ పక్కన టివిడేల్‌లో. 2006లో తెరిచారు. దగ్గరి స్టేషన్ శాండ్‌వెల్ అండ్ డడ్లీ, అక్కణ్నుంచి బస్సో టాక్సీయో. గుడి తెరిచే వేళలు చూసుకుని వెళ్ళండి. ఇది లిస్టులో లేకపోతే అమ్మావాళ్ళు మిగతా ట్రిప్‌ను ట్రిప్‌గా లెక్కేయరు.

హ్యారీ పాటర్ సినిమాలో చూపించే ఆ వంతెన మీద ఆవిరి రైలుకు టికెట్ దొరకట్లేదు.

దొరికినా ఖరీదు. గ్లాస్గో నుంచి ఫోర్ట్ విలియం మీదుగా మాలెయిగ్ వెళ్ళే మామూలు స్కాట్‌రైల్ బండి అదే పట్టాల మీద, 21 కమానుల అదే గ్లెన్‌ఫినన్ వంతెన మీద పోతుంది. మాలెయిగ్ వైపు వెళ్తుంటే ఎడమ పక్క కూర్చోండి. జూన్ నుంచి ఆగస్టు దాకా ఆ ప్రాంతంలో మిడ్జెస్ అని కంటికి కనపడనంత చిన్న పురుగులు, గుంపులుగా వచ్చి కుడతాయి. మందు రాసుకోండి.

## తిరుగుతుండగా

గొడుగు చాలా, రెయిన్‌కోట్ కొనాలా?

కొండల్లో గాలికి గొడుగు తిరగబడుతుంది. వాటర్‌ప్రూఫ్ జాకెట్ కావాలి, కొత్తది కొనక్కర్లేదు. ప్రతి ఊళ్ళో చారిటీ షాపులుంటాయి, మంచి జాకెట్లు ఎనిమిది పది పౌండ్లకు చూశాను. కొండల్లో సిగ్నల్ ఉండదు, మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి.

విజిట్‌లో ఉండగా ఒంట్లో బాగోకపోతే?

ఎమర్జెన్సీకి 999. క్యాజువాలిటీలో చూపించుకోవడం ఉచితం, అడ్మిట్ చేశారంటే మాత్రం విజిటర్లకు మామూలు రేటు మీద ఒకటిన్నర రెట్లు వేస్తారు. కాబట్టి ఇన్సూరెన్స్ దగ్గర మిగుల్చుకోకండి. బీపీ, షుగర్ మందులు ప్రిస్క్రిప్షన్‌తో సహా చేతిసంచిలో పెట్టుకోండి.

స్కాట్లండ్ నోట్లు మిగిలాయి, లండన్‌లో తీసుకోవట్లేదు!

అవి పౌండ్లే, నకిలీ కాదు. కాకపోతే ఇంగ్లండ్‌లో కొందరు కొట్టువాళ్ళు అలవాటు లేక వెనక్కిస్తారు. సూపర్ మార్కెట్‌లో మనిషి లేని బిల్లింగ్ మెషిన్‌లో పెట్టి చూడండి, నాకు చాలావరకు తీసుకుంది. ఇండియా తీసుకెళ్తే మార్చుకోవడం తలనొప్పి, ఎయిర్‌పోర్ట్‌కు బయల్దేరే ముందే ఖర్చు పెట్టేయండి.